జులై పదహారున నేను వినని మాట

జూన్ 3

మళ్ళీ డ్యూటీలో చేరాను. చిన్నదానికి నాలుగు నెలలు నిండాయి. పొద్దున దాన్ని అత్తయ్య చేతికిచ్చి బయల్దేరుతుంటే అదేం ఏడవలేదు. నాకే కాళ్ళు కదల్లేదు.

కోర్టు హాల్లో నా బల్ల ఎక్కడ వదిలి వెళ్ళానో అక్కడే ఉంది. జడ్జిగారి వేదిక కింద, సాక్షి బోనుకి మూడడుగుల దూరంలో. సాక్షి చెప్పింది చెప్పినట్టు షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించడం, మర్నాడు టైపు చేయడం. పదకొండేళ్ళుగా చేస్తున్న పనే. వేళ్ళు మర్చిపోలేదు.

"రండమ్మా రండి, మీరు లేక మా సాక్షులంతా మూగబోయారు" అన్నాడు బెంచి క్లర్కు. నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

కొంచెమే తడిసింది. జలుబుగా ఉంది కదా, ఒళ్ళు పట్టు తప్పింది. అంతే.

జూన్ 5

తుమ్మొచ్చింది. వేసుకున్నవి నల్ల బట్టలు కాబట్టి సరిపోయింది.

జూన్ 11

జలుబు తగ్గి వారమైంది. అది తగ్గలేదు.

ఆడవాళ్ళ బాత్‌రూమ్ కింది అంతస్తులో, రికార్డు గది వెనకాల ఉంది. నలభై ఆరు మెట్లు. తాళంచెవి క్లర్కు దగ్గరుంటుంది. అడిగి తీసుకోవాలి. రెండోసారి అడిగితే "మళ్ళీనా అమ్మా?" అంటాడు. చెడ్డవాడు కాదు. అలా అనడం అలవాటు. సాక్షి బోనులో ఉండగా స్టెనో లేవకూడదు. లేస్తే విచారణ ఆగుతుంది. విచారణ ఆగితే జడ్జిగారు కళ్ళద్దాల పైనుంచి చూస్తారు. ఆ చూపు చాలు.

నీళ్ళు మానేశాను. పొద్దున ఒక టీ, మధ్యాహ్నం రెండు గుక్కలు. ఆపైన సాయంత్రం ఇల్లు చేరేదాకా గొంతు తడపను. పోసిందాన్ని బట్టే కదా వచ్చేది.

చిన్నదానికి పాలు చాలడం లేదని అత్తయ్య డబ్బా పాలు మొదలుపెట్టింది. ఆఫీసు పనికి ఒళ్ళు అలిసిపోయి పాలు తగ్గాయన్నాను.

జూన్ 19

అత్తయ్య నా మంచం మీద దుప్పటి తీసి ఉతికింది. చిన్నది తడిపింది అన్నాను. అత్తయ్య చిన్నదాని వంక చూసింది. అది రాత్రంతా ఆవిడ పక్కలోనే పడుకుంది.

దుప్పటి పిండి ఆరేసి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, "కన్నవాళ్ళందరికీ ఉండేదేనమ్మా. ఎవరికీ చెప్పుకోం, అంతే" అంది.

జూన్ 30

ఫోన్లో వెతికాను. ఒకావిడ నవ్వుతూ చెబుతోంది. కింది కండరాలు బిగించి వదలాలట, రోజుకి మూడు విడతలు. బాత్‌రూమ్‌లో మధ్యలో ఆపి చూసుకోవాలట. చూశాను. ఆగినట్టే ఆగి ఆగలేదు.

ఇవాళ్టి నుంచి మొదలు. బల్ల దగ్గర కూర్చునే చేస్తున్నా. ఊపిరి బిగబట్టి, పొట్ట బిర్రబిగించి, కిందికి గట్టిగా నొక్కి పట్టుకుంటున్నా. నుదుటి మీద చెమట పడుతోంది. చెమట పట్టిందంటే పని చేస్తున్నట్టే. పట్టుదలకి నాలో ఎప్పుడూ లోటు లేదు. రెండు వారాలు చాలు.

జులై 8

ఆయన లిఫ్టుల మెకానిక్. రోజంతా జనాన్ని పైకీ కిందికీ చేర్చే తాళ్ళతో కుస్తీ పట్టి, గ్రీజు వాసనతో ఇంటికొస్తాడు. ఇవాళ స్నానం చేసి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. పక్కకి జరిగాను.

"ఏమైంది?"

"ఏం కాలేదు. అలిసిపోయా."

"ఆర్నెల్ల నుంచి అలిసిపోయే ఉన్నావు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. వెళ్ళి పెద్దదాని పక్కన పడుకున్నాడు. దానికి ఆరేళ్ళు. మధ్యలో లేచి నాన్న మీద కాలేసుకుని పడుకుంది.

నా దగ్గర వాసన వస్తుందేమోనని భయం. వస్తోందా? ఎవర్నడగను?

జులై 16

జరిగింది జరిగినట్టు రాయాలి. ఇక్కడైనా.

కోల్డ్ స్టోరేజీ కేసు. కిందటేడు అక్కడ యంత్రంలోంచి గ్యాస్ లీకై, పండ్లు సర్దే గదిలో ముగ్గురు ఆడవాళ్ళు చనిపోయారు. ముద్దాయి అక్కడి మేనేజరు. ఇవాళ సాక్ష్యం చెప్పినావిడ ఆ గదిలోంచి ప్రాణాలతో బయటపడింది. చనిపోయిన ముగ్గురిలో ఒకరు ఆవిడ చెల్లెలు.

భోజనాల వేళ తాళంచెవి అడిగాను. "కింద నీళ్ళు రావట్లేదమ్మా, మూసేశారు" అన్నాడు క్లర్కు. రెండింటికి విచారణ మొదలైంది. మూడు. మూడున్నర. ఆవిడ నెమ్మదిగా చెబుతోంది. పెట్టెలు ఎలా పేర్చేవాళ్ళో, ముక్కు మండడం ఎప్పుడు తెలిసిందో, ఎవరు ముందు దగ్గారో. నాకు పొత్తికడుపులో రాయి కట్టినట్టుంది. కాలు మీద కాలేసుకున్నాను. లోపల్లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఇంకో ప్రశ్న, ఇంకో రెండు ప్రశ్నలు.

"తలుపు దగ్గరికి వెళ్ళారా?" అని ప్రభుత్వ ప్లీడరు అడిగాడు.

"వెళ్ళామండీ. తలుపు..." అంది ఆవిడ.

అప్పుడే వచ్చింది దగ్గు. పాత ఫైళ్ళ దుమ్ము. ఒక్కటే దగ్గు.

ఆపలేకపోయాను. వెచ్చగా, కుర్చీ నిండా. పెన్సిలు పట్టుకునే ఉన్నాను కానీ చెవులు మూసుకుపోయాయి. అయిదు సెకన్లా, పదా? తలెత్తేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. ప్లీడరు తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు. నా పుస్తకంలో అర వరుస ఖాళీ.

చెయ్యెత్తి "సార్, మళ్ళీ చెప్పించండి" అనొచ్చు. స్టెనోకి ఆ హక్కుంది. చెయ్యెత్తితే అందరూ నా వంక చూస్తారు. ఎత్తలేదు.

అందరూ వెళ్ళేదాకా ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత సీసాలో నీళ్ళు కుర్చీ మీద ఒంపేశాను. క్లర్కు వచ్చి "అయ్యో, నీళ్ళొలికాయా" అన్నాడు. ఒలికాయన్నాను.

జులై 17

టైపు చేశాను. ఖాళీలో "తలుపు మూసి ఉంది" అని పెట్టాను. పుస్తకంలో కూడా నాలుగు గీతలు గీసి నింపాను. ముందూ వెనకా చూస్తే అదే అయి ఉంటుంది. తలుపు తెరిచి ఉంటే చనిపోయేవాళ్ళు కాదు కదా. కాబట్టి మూసే ఉండాలి. తప్పేం రాయలేదు.

జులై 18

టైపు కాగితం సాక్షికి చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఆవిడకి చదువు రాదు, పేరు మాత్రం రాస్తుంది. క్లర్కుకి వేరే పనుండి "మీరే చదివెయ్యండమ్మా" అన్నాడు. వరండాలో నిలబడి చదివాను. అలవాటుగా గడగడా చదివాను. ఆ వాక్యం దగ్గర ఇంకొంచెం వేగంగా చదివానేమో. ఆవిడ నేల వంక చూస్తూ ఊ కొట్టింది. ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది.

తప్పయితే ఆపేది కదా. ఆపలేదు.

జులై 19

"తాళం" అన్న మాట నా చెవిన పడింది. పడినట్టుంది. ఏమో.

ఆగస్టు 5

మూడు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నాను. రెండో తారీఖున కోర్టు నుంచి రాగానే చలి, పళ్ళు టకటకా కొట్టుకునేంత చలి. నడుముకి ఒక పక్కన కత్తి దించినట్టు నొప్పి. ఆయన నన్ను ఎత్తుకుని ఆటో దాకా తెచ్చాడట. గుర్తు లేదు. ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా ఎక్కిందన్నారు. చేతికి సూది, సీసాలు.

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని అడిగింది.

"రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతావు?"

"రెండు గ్లాసులు."

"పాలిచ్చే తల్లివి! ఎన్ని గంటలు ఆపుకుంటావు?"

"ఏడు. ఎనిమిది."

"ఎవరు ఆపుకోమన్నారు?"

తర్వాత ఉన్నమాట ఉన్నట్టు అడిగింది, దగ్గితే తుమ్మితే కారుతుందా అని. లేదన్నాను. కిటికీ దగ్గర నిలబడ్డ అత్తయ్య వెనక్కి తిరిగి, "అవుతుంది డాక్టరుగారూ. కాన్పు నాటి నుంచీ. పాపని పట్టకారు వేసి లాగారు" అంది.

ఆయన గుమ్మంలో ఉన్నాడు. విన్నాడు.

ఆగస్టు 6

ఆయన బత్తాయిలు ఒలిచి పెడుతూ, తల ఎత్తకుండా, "నన్ను చూస్తే రోత పుట్టిందేమో అనుకున్నా ఇన్నాళ్ళూ" అన్నాడు.

ఏడుపొచ్చింది. ఏడిస్తే కూడా అవుతుంది. అయినా ఏడ్చాను.

ఆగస్టు 14

ఆసుపత్రి మూడో అంతస్తులో ఇందుకోసమే ఒక ఫిజియో మేడమ్ ఉంది. పదకొండేళ్ళు కోర్టులో అందరి గోడూ విన్నదాన్ని, ఇలాంటి గది ఒకటుంటుందని నాకు తెలియదు. తలుపు మూసి, చేతికి గ్లవ్స్ వేసుకుని పరీక్ష చేసింది. "ఇప్పుడు మీరు రోజూ చేసేది చేసి చూపించండి" అంది. నా శక్తంతా పెట్టి చేశాను.

"మీరు లాగడం లేదండీ. తోస్తున్నారు" అంది.

ఆరు వారాలు, రోజుకి మూడుసార్లు, ఎంతో శ్రద్ధగా తప్పు చేశాను. ఉన్న పట్టు కూడా కిందికి తోసుకున్నాను.

ఆవిడ మొదటి నుంచీ నేర్పింది. గ్యాస్ బయటికి పోకుండా ఎలా ఆపుతాం, అలా వెనకనుంచి ముందుకు, లోపలికీ పైకీ లాగాలి. పొట్ట వదులుగా ఉండాలి, పిరుదులు వదులుగా ఉండాలి, ఊపిరి మామూలుగా ఆడాలి. మూడు సెకన్లు పట్టి, పూర్తిగా వదలాలి. వదలడం కూడా పనేనట. పదిసార్లు. తర్వాత టపటపా పది. నెమ్మదిగా పది సెకన్ల దాకా పెంచుకోవాలి. దగ్గొస్తుందనిపించగానే ముందు బిగించాలి, తర్వాతే దగ్గాలి. బాత్‌రూమ్‌లో మధ్యలో ఆపి చూసుకోవడం మానేయాలి, సంచి ఖాళీ కాకుండా మిగిలిపోతుందట. నీళ్ళు తాగాలి, మూడు నాలుగు గంటలకోసారి వెళ్ళాలి.

"ఎన్నాళ్ళకి తగ్గుతుంది?"

"మానకుండా చేస్తే మూడు నెలలకి తేడా తెలుస్తుంది. చాలామందికి బాగా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాటివ్వను. తగ్గకపోతే వేరే దారులున్నాయి."

మాటివ్వనన్నందుకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

"లిఫ్టు పైకి వెళ్తున్నట్టు ఊహించుకోండి" అని కూడా అంది. ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. ఏడు నెలల్లో మొదటిసారి ఇద్దరం నవ్వాం. ముందు బిగించి నవ్వాను. అయినా కొంచెం అయింది.

సెప్టెంబరు 3

చాప మీద పడుకుని, మోకాళ్ళు మడిచి చేస్తున్నాను. ఆయన గుమ్మంలోంచి "ఏ ఫ్లోరు దాకా వచ్చింది?" అన్నాడు. "ఒకటీ రెండూ మధ్య ఇరుక్కుంది, మెకానిక్కుని పిలవండి" అన్నాను. వెళ్ళిపోయాడు నవ్వుకుంటూ.

అత్తయ్య తలుపు దగ్గరికి వేసి వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. ఆవిడ నేల మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

"నాకూ నేర్పు."

"మీకా?"

"వాడు పుట్టినప్పటి నుంచీ. ముప్ఫై ఆరేళ్ళు. తుమ్మొస్తే గోడ పట్టుకుంటా. బస్సెక్కి ఎక్కడికీ రానంటే మోకాళ్ళ నొప్పులనుకున్నారు మీరంతా. అనుకోనిచ్చాను." కాసేపు చాప అంచు పీకుతూ కూర్చుంది. "మా అక్క పోయినప్పుడు కూడా వెళ్ళలేదు నేను. ఆరు గంటల ప్రయాణం. మధ్యలో ఎక్కడా ఆపరు. ఆఖరి చూపుకి రాలేదని మా బావ ఇప్పటికీ మాట్లాడడు."

"మోకాళ్ళు మడవండి అత్తయ్యా" అన్నాను.

సెప్టెంబరు 21

ఆరు సెకన్లు పట్టగలుగుతున్నా. నిన్న తుమ్ముకి ముందు గుర్తొచ్చింది. పొడిగా ఉంది. రోజంతా ఎవరికో చెప్పుకోవాలనిపించింది.

అక్టోబరు 9

కోల్డ్ స్టోరేజీ కేసులో వాదనలు మొదలయ్యాయి. ప్రభుత్వ ప్లీడరు అంటున్నాడు: "మేనేజరు బయటనుంచి తాళం వేశాడని, ఆడవాళ్ళు మాటిమాటికీ బాత్‌రూమ్‌కి పోతున్నారని విసుక్కుని తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకెళ్ళాడని ఈ సాక్షి పోలీసులకి చెప్పింది."

మేనేజరు ప్లీడరు లేచాడు. "పోలీసులకి ఏం చెప్పిందో నాకనవసరం. ఈ కోర్టులో, ప్రమాణం చేసి చెప్పినట్టు రికార్డులో ఏముంది? తలుపు మూసి ఉంది. అంతే. చల్లగది తలుపు మూసే ఉంటుంది సార్! తెరిచి పెడితే పండ్లు పాడవుతాయి!"

నేను రాస్తూనే ఉన్నాను. నా వాక్యాన్నే నేను మళ్ళీ రాస్తున్నాను.

బాత్‌రూమ్‌కి పోతున్నారని. ఆవిడ ఆ మాట చెబుతుంటే నేను ఏం చేస్తున్నాను?

తాళం అన్న మాట నేను విన్నాను. జులైలోనే విన్నాను. విననట్టు టైపు చేశాను.

అక్టోబరు 10

ఛాంబర్లో జడ్జిగారు, బెంచి క్లర్కు. నా షార్ట్‌హ్యాండ్ పుస్తకం బల్ల మీద పెట్టాను. "ఈ అర వరుస నేను వినలేదు సార్. మర్నాడు ఊహించి నింపాను" అన్నాను. జడ్జిగారు పుస్తకం వెలుతురుకి పెట్టి చూశారు. ఆ నాలుగు గీతలు వేరే పెన్సిలువి. చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.

పుస్తకం మూసి పక్కన పెట్టారు. తర్వాత, "పదకొండేళ్ళలో మీ మీద ఒక్క మాట రాలేదు. ఎందుకు వినలేదు?"

నోరు తెరిచాను. క్లర్కు నన్నే చూస్తున్నాడు.

"జ్వరం సార్. ఒళ్ళు కాలిపోతోంది ఆ రోజు."

"జ్వరమైతే సెలవు పెట్టాల్సింది" అన్నారు. రాసుకున్నారు.

తప్పు ఒప్పుకున్నాను. ముఖ్యమైనది అదే. కారణం ఏదైతేనేం.

నవంబరు 12

ఆ సాక్షిని మళ్ళీ పిలిపించారు. నా బల్ల దగ్గర వేరే స్టెనో. నేను బయట వరండాలో, నా వంతు కోసం.

లోపల ఆవిడ ఆ మాట మళ్ళీ చెప్పిందట. తాళం సంగతి, తాళంచెవి సంగతి. మేనేజరు ప్లీడరు రెండు గంటలు నిలబెట్టి, "అప్పుడు మర్చిపోయి నాలుగు నెలలకి గుర్తొచ్చిందా? ఎవరు నేర్పారు?" అని పదేపదే అడిగాడట. ఆవిడ "అప్పుడూ చెప్పానండీ" అని మాత్రమే అందట.

తర్వాత నన్ను పిలిచారు. మొదటిసారి బోనులోకి ఎక్కాను. అక్కడినుంచి నా బల్ల చాలా చిన్నగా కనిపించింది.

"జులై పదహారున మీకు జ్వరం" అన్నాడు మేనేజరు ప్లీడరు.

"అవును."

"మర్నాడు సెలవు పెట్టారా?"

"లేదు."

"మందులు వాడారా? డాక్టరుని చూశారా?"

"లేదు."

కాగితం తీశాడు. "సెలవు కోసం మీరు పెట్టిన ఆసుపత్రి సర్టిఫికెట్. జ్వరం ఆగస్టు రెండున మొదలైందని మీరే డాక్టరుకి చెప్పారు. మరి జులై పదహారు జ్వరం ఎక్కడినుంచి వచ్చింది?"

ముద్దాయి బల్ల దగ్గర మేనేజరు గోళ్ళు చూసుకుంటున్నాడు. ఆవిడ చివరి బెంచీలో కూర్చుని ఉంది. ఉన్నది ఉన్నట్టు ఒక్క వాక్యం చెబితే చాలు. ఒక్కటి.

"గుర్తు లేదండీ" అన్నాను.

"ఇక అడగాల్సింది లేదు సార్" అని కూర్చున్నాడు.

నవంబరు 13

ఇవాళ వ్యాయామం చేయలేదు.

నవంబరు 14

చేయలేదు.

డిసెంబరు 4

మెమో ఇచ్చారు. స్టెనో పని నుంచి తప్పించి కిందికి, నకళ్ళ విభాగానికి వేశారు. తీర్పుల కాపీలు తీసి, ముద్ర కొట్టి, అడిగినవాళ్ళకి ఇవ్వడం. బాత్‌రూమ్ పది అడుగుల దూరం. ఎప్పుడైనా లేవొచ్చు. క్లర్కు వచ్చి "మీకిక్కడే సుఖంలెండి" అన్నాడు, ఓదార్పుగా.

అత్తయ్య ఊరుకోలేదు. సాయంత్రం చాప పరిచి, "రా, పడుకో. నా ఒక్కదానికి బద్ధకం" అంది. మళ్ళీ మొదలుపెట్టాం. మొన్న ఆవిడ బస్సెక్కి నాలుగు స్టాపుల దూరంలో ఉన్న మార్కెట్టుకి వెళ్ళొచ్చింది. ఏం కొనలేదు. ఊరికే వెళ్ళొచ్చింది.

డిసెంబరు 29

పది సెకన్లు. పెద్దదానితో తాడాట ఆడాను, ఏడు గెంతులు. ఎనిమిదో దానికి తడిసింది. మూడు నెలల కిందట ఒక్క గెంతు లేదు.

సంతోషించాలి. సంతోషించాను.

జనవరి 19

తీర్పు. తాళం వేశాడన్నది రుజువు కాలేదు. సాక్షి రెండు రకాలుగా చెప్పింది, స్టెనో చెప్పిన కారణం నమ్మదగ్గది కాదు, కాబట్టి అనుమానం ఉన్నప్పుడు లాభం ముద్దాయికే, మేనేజరు విడుదల. యంత్రం సరిగ్గా చూసుకోనందుకు కంపెనీకి జరిమానా.

పన్నెండో పేజీలో ఉంది నా గురించి. "అబద్ధమాడినట్టు స్పష్టమవుతోంది." ఆ పేజీకి నేనే ముద్ర కొట్టాను.

ముగ్గురు ఆడవాళ్ళు. నాకు సిగ్గేసింది కాబట్టి.

ఇలా రాస్తే మరీ ఎక్కువ చేస్తున్నట్టుందా? లేదు. తగ్గించి రాయడమే ఇన్నాళ్ళూ చేసిన పని.

జనవరి 27

ఆవిడ వచ్చింది, తీర్పు కాపీ కోసం. కిటికీ అవతల నిలబడి చీటీ ఇచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. బోనులో నిలబడ్డ మనిషి వేరు, కిటికీ వెనక కూర్చున్న మనిషి వేరు. కాగితాలు చేతికిచ్చి పంపించెయ్యొచ్చు.

లేచి బయటికి వెళ్ళాను. "అమ్మా, ఆ రోజు మీ మాట రాయని స్టెనోని నేనే" అన్నాను.

కాగితాలు ఛాతీకి అదుముకుంది. "నువ్వేనా" అంది. తిట్టలేదు. కొట్టలేదు. "ఎందుకు రాయలేదు? డబ్బులిచ్చారా?"

"లేదు."

"మరి?"

వరండాలో జనం నడుస్తున్నారు. చెప్పాను. కాన్పు గురించి, ఆ దగ్గు గురించి, కుర్చీ గురించి. నీళ్ళు ఒంపిన సంగతి కూడా. చెయ్యెత్తితే అందరూ చూస్తారని ఎత్తలేదని చెప్పాను. జ్వరమని అబద్ధమాడానని చెప్పాను.

ఆవిడ గోడకి ఆనుకుంది.

"మా చెల్లికి నాలుగో నెల" అంది చివరికి. "మా ఇద్దరికే తెలుసు. పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. అందుకే అన్నిసార్లు పోయేది బాత్‌రూమ్‌కి. దానివల్లే తాళం వేశాడు. అది నాతో అంది, 'నావల్లేగా అక్కా మీ అందరికీ ఈ తాళం' అని. నవ్వుతూనే అంది. గంట తర్వాత గ్యాస్ వచ్చింది."

నేను కింద కూర్చుండిపోయాను. ఆవిడ నన్ను లేవదీయలేదు. కాసేపటికి తనూ పక్కన కూర్చుంది.

"పైకోర్టుకి పోవచ్చంటున్నారు మా ప్లీడరుగారు. నువ్వొచ్చి ఇదంతా చెప్తావా? నాకు చెప్పినట్టే?"

"చెప్తాను."

"అప్పుడూ ఇలాగే చెప్తానన్నావేమో" అంది.

జనవరి 28

ఆయనకి చెప్పాను. "అందరికీ తెలుస్తుంది. పేపర్లో కూడా రాయొచ్చు. పెద్దదాన్ని బళ్ళో ఏడిపిస్తారేమో. ఉద్యోగం పోవచ్చు" అన్నాను. ఆయన చాలాసేపు చేతుల గ్రీజు తుడుచుకున్నాడు, పోయిన గ్రీజునే మళ్ళీ మళ్ళీ.

"నువ్వు చెప్పకపోతే ఇంట్లో నీతో ఉండటం నాకు బానే ఉంటుంది. నీకుండదు" అన్నాడు.

అత్తయ్య వంటింట్లోంచి, "నేనూ వస్తా దాంతో. బస్సులోనే" అంది.

ఫిబ్రవరి 3

వాళ్ళ ప్లీడరు ఆఫీసు. ఇరుకు గది, ఫైళ్ళ మధ్య మూడు కుర్చీలు. పెద్దాయన, మర్యాదస్తుడు. నేను చెబుతుంటే తల వంచుకుని స్వయంగా రాసుకున్నాడు. ఆవిడ నా ఎడమ పక్కన, అత్తయ్య కుడి పక్కన.

ముఖ్యమైన చోటికి వచ్చేసరికి కలం ఆపి గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ 'అస్వస్థత' అని రాద్దామా అమ్మా? 'స్త్రీలకు సంబంధించిన అనారోగ్యం' అందామా? గౌరవంగా ఉంటుంది."

"వద్దండీ. నేను చెప్పింది రాయండి."

"దీన్ని అందరి ముందూ పైకి చదువుతారు. అవతలి ప్లీడరు ప్రశ్నలేస్తాడు. నవ్వేవాళ్ళు నవ్వుతారు."

"తెలుసండీ."

"గెలుస్తామని నేను చెప్పలేను."

"అడగలేదండీ."

ఆవిడ కదల్లేదు. నేను ఏ క్షణాన వెనక్కి తగ్గుతానో అన్నట్టు నా నోటి వంకే చూస్తోంది. ఆవిడ తప్పు లేదు.

ఈ డైరీలో కూడా ఎనిమిది నెలలుగా "అది" అనే రాస్తూ వచ్చాను. ఒక్కసారి పేరు పెట్టలేదు. అక్కడ నెమ్మదిగా, ఆయన రాసుకునేంత నెమ్మదిగా చెప్పాను:

"కాన్పు తర్వాత నాకు మూత్రం ఆగేది కాదు. జులై పదహారున, ఈ సాక్షి తాళం గురించి చెబుతున్నప్పుడు, నేను కుర్చీలోనే మూత్రం పోశాను. అందుకే ఆమె మాట రాయలేదు. ఆమె ఆ మాట చెప్పింది."

ఆయన రాశాడు. కాగితం నా వైపు తిప్పాడు. సంతకం పెట్టాను.